భారతదేశంలో డిమెన్షియా రోగుల సంరక్షణ

డిమెన్షియా (చిత్తవైకల్యం) అనగా జ్ఞాపకశక్తి, ఆలోచన, భాష, దిక్కు తెలియడం, రోజువారీ పనులు చేసుకొనే నేర్పు క్రమక్రమంగా క్షీణించే స్థితి. ఇది ఒకే జబ్బు పేరు కాదు. మెదడుకు సంబంధించిన అనేక జబ్బుల వలన కలిగే లక్షణాల సముదాయము. వీటిలో అల్జీమర్స్ వ్యాధి ప్రధానమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మొత్తం డిమెన్షియా రోగులలో 60 నుండి 70 శాతం మందికి కారణం ఇదే. మెదడులోని రక్తనాళాలు దెబ్బతినడం వలన వచ్చేది, లెవీ బాడీ డిమెన్షియా, ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా మిగిలిన ముఖ్య రకాలు. భారతదేశంలో 60 ఏళ్ళు పైబడినవారిలో 7.4 శాతం మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉన్నదని 2023లో ప్రచురితమైన ఒక జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. పురుషులలో కంటే స్త్రీలలో, పట్టణాలలో కంటే గ్రామాలలో ఇది ఎక్కువగా కనిపించింది. అంతకు ముందు 2010లో వెలువడిన డిమెన్షియా ఇండియా నివేదిక ఈ సంఖ్యను 37 లక్షలుగా పేర్కొన్నది. రెండు లెక్కల పద్ధతులు వేరు కనుక పదమూడేళ్ళలో రోగులు రెట్టింపునకు మించి పెరిగారని చెప్పడానికి వీలు లేదు. మొదటి లెక్కకు అందనివారు చాలామంది ఉండి ఉండవచ్చును.

ఈ జబ్బు ఏళ్ళ తరబడి సాగుతుంది. ఆ కాలమంతా రోగి ఆసుపత్రిలో కాక ఇంటిలోనే ఉంటాడు. మన దేశంలోని వైద్య పథకాలు మాత్రం ఆసుపత్రిలో చేరిన రోజులను లెక్కించి చెల్లించేవి. చట్టాలు సంతకం చేయగల మనిషిని దృష్టిలో పెట్టుకొని వ్రాసినవి. సంరక్షణ అందకపోవడానికి మూలకారణాలు చాలావరకు ఈ రెండు చోట్లనే ఉన్నవి.

చాదస్తమా, జబ్బా

సంరక్షణకు మొదటి అడ్డంకి జబ్బును జబ్బుగా గుర్తించకపోవడం. తెలుగు ఇళ్ళలో దీనిని 'చాదస్తం', 'మతిమరుపు', 'పెద్దతనం', మరీ ముదిరితే 'మతి చలించింది' అంటారు. హిందీలో 'సఠియానా' అనే క్రియ ఉన్నది. అరవయ్యవ పడిలో పడగానే బుద్ధి మందగిస్తుందని దాని భావము. మాటలు ఏవైనా అర్థం ఒక్కటే: ఇది వయసుతో వచ్చేదే, చేయగలిగింది ఏమీ లేదు. నిజానికి వయసు పెరిగినవారిలో ఎక్కువ మందికి డిమెన్షియా రాదు. కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మరచిపోవడం మామూలు మరుపు. కళ్ళజోడు ఎందుకో మరచిపోవడం, నలభై ఏళ్ళుగా వండుతున్న పప్పుచారు వరుస తప్పడం, పుట్టి పెరిగిన వీధిలో దారి తప్పడం, ఒకే ప్రశ్న పది నిమిషాలకొకసారి అడగడం, డబ్బు లెక్క తెలియకపోవడం వైద్యునికి చూపించవలసిన సంగతులు.

కొందరిలో మరుపు కంటే ముందు స్వభావం మారుతుంది. నెమ్మదస్తుడు దుడుకుగా మాట్లాడడం, పెట్టెలో నగలు కోడలు తీసిందని అనడం, భార్యను గాని భర్తను గాని అనుమానించడం జరుగుతుంది. ఇటువంటి మాటల వలన కుటుంబాలలో తగవులు పుడతాయి. నింద పడిన మనిషికి అది జబ్బు లక్షణమని తెలిసేటప్పటికి రెండు మూడేళ్ళు గడచిపోతాయి. గాలి సోకిందనో చేతబడి అనో మంత్రగాళ్ళ వద్దకు తీసుకొని వెళ్ళడం కూడా కలదు.

రోగ నిర్ధారణ

డిమెన్షియాను తేల్చడానికి ఒక రక్తపరీక్ష గాని ఒక స్కానింగు గాని చాలదు. ఇంటివారు చెప్పే వివరాలు, జ్ఞాపకశక్తి పరీక్షలు, శరీర పరీక్ష కలిపి చూస్తారు. తరువాత రక్తపరీక్షలు, మెదడు స్కానింగు చేయిస్తారు. వీటి ముఖ్య ప్రయోజనం, నయం కాగల కారణాలు ఏవైనా ఉన్నవేమో చూడటం. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ గ్రంథి మందగించడం, తీవ్రమైన మానసిక కుంగుబాటు, తలకు దెబ్బ తగిలి మెదడుపై పొర క్రింద రక్తం చేరడం, కొన్ని రకాల నిద్రమాత్రలు డిమెన్షియా వంటి లక్షణాలనే కలిగిస్తాయి. వీటికి చికిత్స ఉన్నది. చాదస్తమని వదలివేసిన వారిలో ఇటువంటివారు కొందరైనా ఉంటారు కనుక పరీక్షకు వెళ్ళకపోవడం వలన కలిగే నష్టాలలో ఇది అన్నిటికంటే పెద్దది. రెండు మూడు రోజులలో హఠాత్తుగా మతి తప్పితే అది సాధారణంగా డిమెన్షియా కాదు. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్, సోడియం తగ్గడం వంటి వాటి వలన వచ్చే అత్యవసర స్థితి కావచ్చును. వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి.

పాశ్చాత్య దేశాలలో తయారైన జ్ఞాపకశక్తి పరీక్షలు చదువు వచ్చినవారి కొరకు ఏర్పడినవి. వాక్యం వ్రాయమనడం, బొమ్మ చూసి గీయమనడం, తేదీ చెప్పమనడం బడికి వెళ్ళని వృద్ధురాలికి ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా కష్టమే. ఆమెకు తిథి, పండుగ, కోతల కాలం తెలుస్తాయి గాని ఇంగ్లీషు తేదీతో పని ఉండదు. ఈ ఇబ్బంది తీర్చడానికి 1990లలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాలలో హిందీ పరీక్ష ఒకటి రూపొందినది. తరువాత భారతీయ వైద్య పరిశోధన మండలి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం భాషలకు ఒకే తరహా పరీక్షల సముదాయాన్ని తయారు చేయించింది. తెలుగువారికి తెలుగులో పరీక్ష జరపడం ఇప్పుడు సాధ్యమే. అయితే ఆ పరీక్ష చేయగల శిక్షణ గలవారు పెద్ద నగరాల ఆసుపత్రులలోనే ఎక్కువగా ఉన్నారు. దేశంలో లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు.

హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్) జ్ఞాపకశక్తి క్లినిక్ ఈ రంగంలో ప్రపంచానికి తెలిసినది. అక్కడ పనిచేసిన డాక్టర్ అల్లాది సువర్ణ, ఆమె సహచరులు 648 మంది రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒకే భాష వచ్చినవారి కంటే రెండు లేదా అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైనట్లు తేలినది. చదువురాని వారిలో కూడా ఈ తేడా కనబడింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలసి వినిపించే నగరం కనుకనే చదువుతో నిమిత్తం లేకుండా భాషల ప్రభావాన్ని చూడడం సాధ్యపడింది. భాషలు వస్తే జబ్బు రాదని దీని అర్థం కాదు.

ఇంటి వద్ద సంరక్షణ

డొనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమిన్, మెమాంటిన్ అనే మందులు మన దేశంలో దొరుకుతాయి. ఇవి కొందరిలో లక్షణాలను కొంతకాలం తేలికపరుస్తాయి, జబ్బును ఆపవు. కనుక రోగి బాగోగులు మందుల కంటే ఎక్కువగా ఇంటిలో రోజు గడిచే తీరుపై ఆధారపడి ఉంటాయి.

మొదటి నియమం వాదించకపోవడం. చనిపోయిన తమ్ముడు ఇంకా రాలేదేమని అడిగే ముసలామెకు అతడు పోయి ఇరవై ఏళ్ళయిందని ప్రతిసారి చెప్పితే ప్రతిసారి కొత్తగా దుఃఖపడుతుంది. "మామయ్య అంటే నీకు ఎంత ప్రేమో కదమ్మా, చిన్నప్పుడు ఏమేమి చేసేవాడో చెప్పు" అని సంభాషణ మరలించడం మేలు. ప్రశ్నలు చిన్నవిగా ఉండాలి. "ఏ చీర కట్టుకుంటావు?" అనే కంటే రెండు చీరలు చూపి "ఇదా, ఇదా అత్తయ్యా?" అని అడగడం సులువు. స్నానం, భోజనం, నడక, నిద్ర రోజూ ఒకే వేళకు జరిగితే ఆందోళన తగ్గుతుంది. సాయంకాలం చీకటి పడే వేళ చాలామందికి కలవరం పెరుగుతుంది. ఇంటిలో ఉండి కూడా "ఇంటికి పోదాం" అంటారు. ముందుగానే దీపాలు వెయ్యడం, ఆ వేళకు ఒక పని కల్పించడం ఉపయోగపడుతుంది. బియ్యంలో రాళ్ళు ఏరడం, పూలు కట్టడం, బట్టలు మడత పెట్టడం, తెలిసిన భజన పాడటం వంటి చేతికి అలవాటైన పనులు పేర్లు మరచిన తరువాత కూడా చాలాకాలం నిలుస్తాయి. పని సరిగా జరిగిందా లేదా అన్నది చూడనవసరం లేదు.

ఇంటి నుండి బయటికి వెళ్ళి దారి తప్పడం పెద్ద ప్రమాదము. చొక్కా జేబులోను, చేతి కడియం మీద గాని మెడలోని బిళ్ళ మీద గాని ఇంటివారి ఫోను నంబరు ఉండేటట్లు చూడాలి. ఇటీవలి ఫోటో ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి. వీధిలోని కిరాణా కొట్టువారికి, ఆటో స్టాండువారికి, ఇరుగుపొరుగుకు సంగతి చెప్పి ఉంచడం అన్నిటికంటే బాగా పనిచేసే ఉపాయము. పరువు కోసం దాచిపెట్టే కుటుంబాలకు ఈ సహాయం దొరకదు. వంటింటి గ్యాసు సిలిండరు వాల్వు కట్టివేయడం, మందులు అందనిచోట పెట్టడం, స్నానాల గదికి లోపలి గడియ తీసివేయడం, జారని చాప వేయడం కూడా అవసరమే. రోగిని గదిలో పెట్టి తాళం వేయడం గాని మంచానికి కట్టడం గాని తగదు. కలవరం తగ్గించడానికి ఇచ్చే కొన్ని మానసిక వ్యాధుల మందుల వలన డిమెన్షియా గల వృద్ధులలో మరణాలు పెరుగుతున్నవని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో హెచ్చరిక జారీ చేసింది. వాటిని వైద్యుని పర్యవేక్షణలో, తప్పనిసరి అయినప్పుడు, తక్కువ కాలం మాత్రమే వాడాలి. పాత చీటీ చూపించి మందుల దుకాణంలో నెలల తరబడి కొనడం మన దేశంలో సాధారణం కనుక ఈ మాట ప్రత్యేకించి చెప్పవలసి ఉన్నది.

సంరక్షకులు

భారతదేశంలో డిమెన్షియా రోగిని చూసుకొనేది చాలావరకు ఒక స్త్రీ: భార్య, కోడలు లేదా కూతురు. ఉమ్మడి కుటుంబం ఉన్నది కనుక మన దేశంలో పెద్దవారికి లోటు లేదనే మాట తరచుగా వినబడుతుంది. ఇంటిలో పదిమంది ఉన్నా రాత్రి మూడుసార్లు లేచి పక్కబట్టలు మార్చేది ఒక్కరే. ఆ ఒక్కరు ఉద్యోగం మానివేయడం, కూలికి పోలేకపోవడం, నిద్ర లేక కుంగిపోవడం ఏ ఖర్చు పట్టికలోను కనబడదు. పిల్లలు హైదరాబాదు, బెంగుళూరులలోనో అమెరికాలోనో స్థిరపడి, ఊరిలో డెబ్బై దాటిన భార్య డెబ్బై అయిదు దాటిన భర్తను చూసుకొనే ఇళ్ళు కోస్తా, తెలంగాణ జిల్లాలలో అనేకం. డబ్బు పంపే కొడుకు దొరికినంత సులువుగా రాత్రిపూట తోడుండే మనిషి దొరకడు.

ఈ భారాన్ని తగ్గించడం అసాధ్యం కాదని గోవాలో జరిగిన ఒక ప్రయోగం చూపినది. డాక్టర్ అమిత్ డయాస్ బృందం 81 కుటుంబాలతో జరిపిన ఈ అధ్యయనం 2008లో ప్రచురితమైనది. వైద్యులు కాని స్థానికులకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి సలహాదారులుగా ఇళ్ళకు పంపారు. వారు జబ్బు గురించి వివరించారు, రోగి ప్రవర్తనతో ఎలా నెగ్గుకు రావాలో చెప్పారు, అవసరమైనప్పుడు వైద్యునితో కలిపారు, ప్రభుత్వ పథకాలకు దరఖాస్తు చేయడంలో తోడ్పడ్డారు. ఆరు నెలలలో సంరక్షకుల మానసిక స్థితి చెప్పుకోదగినంత మెరుగుపడింది. ఖరీదైన పరికరం గాని కొత్త మందు గాని ఇందులో లేదు. ఆశా కార్యకర్తలు ప్రతి గ్రామంలోను ఉన్న దేశంలో ఇటువంటి పద్ధతి విస్తృతంగా అమలు కాకపోవడం ఆశ్చర్యకరమే.

సంస్థలు

అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా (ఎ.ఆర్.డి.ఎస్.ఐ.) 1992లో కేరళలో ప్రారంభమైనది. స్థాపకుడు డాక్టర్ జేకబ్ రాయ్ కురియకోస్. అనేక నగరాలలో శాఖలున్న ఈ సంస్థకు హైదరాబాదులో కూడా శాఖ కలదు. సంరక్షకుల సమావేశాలు, పగటి సంరక్షణ కేంద్రాలు, సహాయకుల శిక్షణ దీని పనులు. 1998లో కొచ్చిలో '10/66' అనే అంతర్జాతీయ పరిశోధన బృందం ఏర్పడింది. డిమెన్షియా రోగులలో 66 శాతం అభివృద్ధి చెందుతున్న దేశాలలో ఉండగా పరిశోధనలో 10 శాతమైనా అక్కడ జరగడం లేదన్నది ఆ పేరులోని అంతరార్థము. బెంగుళూరులో నైటింగేల్స్ మెడికల్ ట్రస్టు, నిమ్‌హాన్స్. చెన్నైలో స్కార్ఫ్ ఈ రంగంలో పేరు పొందినవి. కేరళ ప్రభుత్వం 2014లో ఎ.ఆర్.డి.ఎస్.ఐ.తో కలసి డిమెన్షియా కొరకు ప్రత్యేక కార్యక్రమం చేపట్టినది. ఆ రాష్ట్రంలో 2008 నుండి ఉపశమన చికిత్సా విధానం ఉండి, నర్సులు మంచం పట్టిన రోగుల ఇళ్ళకు వెళ్ళే ఏర్పాటు ఉండటం దీనికి కలసి వచ్చినది.

రోగులను ఉంచుకొనే ప్రైవేటు కేంద్రాలు నగరాలలో పెరుగుతున్నవి. వాటి నెలసరి రుసుము మధ్యతరగతి పింఛనుదారుకు కూడా భారమే. సాధారణ వృద్ధాశ్రమాలలో చాలా చోట్ల డిమెన్షియా ఉన్నవారిని చేర్చుకోరు.

ప్రభుత్వ పథకాలు

వృద్ధుల ఆరోగ్యం కొరకు జాతీయ కార్యక్రమం 2010-11లో మొదలైనది. జిల్లా ఆసుపత్రులలో వృద్ధులకు ప్రత్యేక వార్డులు, క్లినిక్‌లు దీని క్రింద ఏర్పాటు చేస్తారు. 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్ పథకాన్ని ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 ఏళ్ళు దాటిన అందరికీ, ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వర్తింపజేశారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ కూడా ప్రధానంగా ఆసుపత్రి చికిత్సల పథకమే. తుంటి ఎముక విరిగితే వీటి వలన శస్త్రచికిత్స జరుగుతుంది. ఆ ఎముక విరగకుండా ఇంటిలో కనిపెట్టుకొని ఉండే మనిషి జీతానికి మాత్రం ఇవి చెల్లించవు.

వికలాంగుల హక్కుల చట్టం, 2016 అనుబంధంలోని 21 వైకల్యాలలో డిమెన్షియా పేరు విడిగా లేదు. జ్ఞాపకశక్తి, ఆలోచన దెబ్బతినడం 'మానసిక రుగ్మత' నిర్వచనంలో ఉన్నందున ఆ పద్దు క్రింద ధ్రువపత్రం కోరవచ్చును. 40 శాతానికి తక్కువ కాని వైకల్యం ధ్రువపడితే పింఛనుకు వీలు కలుగుతుంది. వికలాంగుల పింఛనును తెలంగాణలో 2023లో నెలకు 4,016 రూపాయలకు, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 6,000 రూపాయలకు పెంచారు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం నియమాలలో మాత్రం మినహాయింపు లభించే నరాల జబ్బుల జాబితాలో డిమెన్షియా పేరు స్పష్టంగానే చేర్చబడినది. పన్ను కట్టేవారికి దొరికిన ఈ గుర్తింపు కూలివారికి పింఛను జాబితాలో దొరకలేదు.

సంతకం, ఆస్తి, చట్టం

కుటుంబాలు ఆలస్యంగా తెలుసుకొనే చిక్కు ఇది. తండ్రి పేరిట బ్యాంకులో డబ్బు ఉంటుంది. ఆయన సంతకం కలవదు, అడిగినదానికి జవాబు చెప్పలేడు. ఆయన వైద్యానికే ఆయన డబ్బు తీయడం సాధ్యపడదు. పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నది కదా అనుకుంటారు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 201వ సెక్షను ప్రకారం, అధికారం ఇచ్చిన వ్యక్తికి మతి స్థిమితం తప్పితే ఆ అధికారం ముగిసిపోతుంది. సరిగా అవసరం పడిన రోజుననే ఆ కాగితం చెల్లదన్నమాట. మతి తప్పిన తరువాత కూడా నిలిచే అధికార పత్రం కొన్ని ఇతర దేశాల చట్టాలలో ఉన్నది, మన చట్టంలో లేదు.

1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో జిల్లా కోర్టు ద్వారా సంరక్షకుని, ఆస్తి నిర్వాహకుని నియమించే అధ్యాయం ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2017 చట్టంలో ఆ అధ్యాయం లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకే పరిమితము. అందువలన అనేక కుటుంబాలు రిట్ పిటిషనుతో హైకోర్టును ఆశ్రయించవలసి వస్తున్నది. కోమాలో ఉన్న రోగుల విషయంలో సంరక్షకుని నియామకానికి కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు ఇచ్చినది.

జబ్బు తొలిదశలో, రోగికి ఇంకా తెలివి ఉండగానే, చేసుకోదగిన ఏర్పాట్లు కొన్ని ఉన్నవి. బ్యాంకు ఖాతాను ఇద్దరిలో ఎవరైనా నడిపే ఉమ్మడి ఖాతాగా మార్చడం, నామినీ పేర్లు చూసుకోవడం, వీలునామా వ్రాయడం వీటిలో ముఖ్యమైనవి. వీలునామా వ్రాసేనాటికి మనిషి స్థిమితంగా ఉన్నాడని వైద్యుని చేత ధ్రువపత్రం తీసుకొంటే తరువాతి వివాదాలు తగ్గుతాయి. 2017 చట్టం ప్రకారం ఎవరైనా తనకు మానసిక రుగ్మత వచ్చినప్పుడు ఎలా చికిత్స చేయాలో, ఎలా చేయరాదో ముందుగా వ్రాసిపెట్టవచ్చును. తన తరఫున నిర్ణయించే ప్రతినిధిని కూడా పేర్కొనవచ్చును. ఇది వైద్యానికి సంబంధించినది, ఆస్తికి వర్తించదు.

తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 క్రింద పిల్లల నుండి పోషణ ఖర్చు కోరవచ్చును. చట్టంలో దీనికి నెలకు 10,000 రూపాయల పరిమితి ఉన్నది. చూసుకొంటారనే షరతుతో వ్రాసి ఇచ్చిన ఆస్తిని, చూసుకోనప్పుడు రద్దు చేయమని కోరవచ్చును. దరఖాస్తు వృద్ధుడే పెట్టనవసరం లేదు. ఆయన అశక్తుడైతే ఆయన తరఫున మరొకరు గాని, స్వచ్ఛంద సంస్థ గాని పెట్టవచ్చును, ట్రిబ్యునల్ తనంతట తానుగా కూడా చేపట్టవచ్చును. డిమెన్షియా రోగికి ఈ సెక్షను ఎంతో ముఖ్యమైనది. తెలుగు రాష్ట్రాలలో రెవెన్యూ డివిజనల్ అధికారి ఈ ట్రిబ్యునల్ నిర్వహిస్తారు.

చివరి దశ

చివరి దశలో రోగి మంచం పడతాడు, మాట పోతుంది, మింగడం కష్టమవుతుంది. పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్క మార్చడం, కూర్చోబెట్టి మెత్తని ఆహారం కొద్దికొద్దిగా తినిపించడం, నోరు శుభ్రంగా ఉంచడం ప్రధానము. ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం వలన ఈ దశలో ఆయుర్దాయం పెరుగుతుందనడానికి ఆధారం లేదు. ఆసుపత్రి నుండి గొట్టంతో ఇంటికి వచ్చే రోగులు ఎక్కువ కనుక ఇంటివారు ఈ విషయం వైద్యునితో ముందుగా మాట్లాడుకోవడం మంచిది. ప్రాణాధార యంత్రాలు వద్దని ముందుగా వ్రాసిపెట్టుకొనే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో ఆ విధానాన్ని సులభం చేసి, ఇద్దరు సాక్షుల సమక్షంలో నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరిస్తే చాలునన్నది.

ఫోను ద్వారా సహాయం

వృద్ధుల సహాయవాణి 'ఎల్డర్ లైన్' నంబరు 14567. ఇది టాటా ట్రస్టుల తోడ్పాటుతో హైదరాబాదులో మొదలై, 2021 అక్టోబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి ముప్పవరపు వెంకయ్యనాయుడు చేతుల మీదుగా జాతీయ స్థాయిలో ప్రారంభమైనది. ఉదయం 8 నుండి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు, పింఛను, పోషణ చట్టం గురించిన సమాచారం తెలుగులోనే అడగవచ్చును. దిక్కులేక తిరుగుతున్న వృద్ధులు కనబడినప్పుడు కూడా ఈ నంబరుకు తెలియజేయవచ్చును. మానసిక ఆరోగ్య సలహా కొరకు 2022 అక్టోబరు 10న ప్రారంభమైన 'టెలి మానస్' నంబరు 14416. దీనిని రోగి కొరకే కాక, నిద్ర లేక కుంగిన సంరక్షకులు తమ కొరకు కూడా వాడుకోవచ్చును.